మొసలి కన్నీరు: ఒక జాతీయం పుట్టుక, ప్రయాణం

మొసలి కన్నీరు అంటే మనసులో లేని దుఃఖాన్ని కంటితో చూపించడం. ఎదుటివారి కష్టానికి తానే కారకుడై, లేదా ఆ కష్టం వల్ల బాగుపడుతూ, వారికోసం కుమిలిపోతున్నట్టు నటించడం ఈ మాటకు అసలైన అర్థం. ఇంగ్లీషులో దీన్ని ‘క్రొకొడైల్ టియర్స్’ అంటారు. మొసలి తన వేటను తింటూ ఏడుస్తుందని, లేదా ఏడ్చి మనుషులను దగ్గరికి రప్పించుకుంటుందని యూరప్‌లో శతాబ్దాలపాటు సాగిన నమ్మకం నుంచి ఈ జాతీయం పుట్టింది. ప్రాచీన గ్రీకు సామెతల్లో మొలకెత్తి, మధ్యయుగ గ్రంథాల్లో పెరిగి, 16వ శతాబ్దంలో ఇంగ్లీషులో స్థిరపడి, అక్కడినుంచి లోకమంతా పాకింది. నేడు తెలుగు పత్రికల్లో, సభల్లో, ఇంటి మాటల్లో ఇది మన సొంత పలుకుబడి అన్నంత సహజంగా వినిపిస్తుంది.

అర్థం, వాడుక

తెలుగులో ఈ మాట ఎక్కువగా ‘కార్చు’ అనే క్రియతో కలిసి నడుస్తుంది. ‘మొసలి కన్నీరు కారుస్తున్నారు’ అనడమే వాడుక. ‘మొసలి ఏడుపు’ అనడం అరుదు. రైతు గిట్టుబాటు ధర లేక నష్టపోయినప్పుడు, ఆ నష్టానికి కారణమైన విధానాన్ని తెచ్చినవారే వచ్చి సానుభూతి పలికితే పత్రికలు ఈ మాట వాడతాయి. ఆస్తి కోసం అన్నను కోర్టుల చుట్టూ తిప్పిన తమ్ముడు, అన్న పోయాక పాడె పక్కన గుండెలు బాదుకుంటే ఊరివాళ్ళు ఈ మాటే అంటారు.

నటించిన ఏడుపు ప్రతిదీ మొసలి కన్నీరు కాదు. సినిమాలో నటి గ్లిజరిన్ వేసుకుని కార్చే కన్నీరు మొసలి కన్నీరు కాదు, అది వృత్తి. ఇక పిల్లవాడి సంగతి చూద్దాం. ఆడుకుంటూ కాలు జారి పడతాడు. ముందు ఏడవడు. తల ఎత్తి అటూ ఇటూ చూస్తాడు. వంటింట్లోంచి అమ్మ తొంగిచూసిందని తెలియగానే పెదవి వణుకుతుంది, రాగం మొదలవుతుంది. దానికి తెలుగులో ‘దొంగేడుపు’ అనే చక్కని మాట ఉంది. ఇంగ్లీషువాళ్ళు పిల్లల ఏడుపుకూ మొసలి కన్నీరు అనే అంటారు గానీ తెలుగులో అలా అంటే మాట బరువెక్కువై ఎబ్బెట్టుగా ఉంటుంది. దొంగేడుపులో గారాబం ఉంది, మొసలి కన్నీటిలో నెత్తురు ఉంది. ఏడ్చేవాడి నోటికి ఏడిపించిన పాపం అంటుకుని ఉండాలి. అప్పుడే ఈ జాతీయం పూర్తిగా నప్పుతుంది.

ప్రాచీన కాలం: నైలు ఒడ్డున

మొసలి గురించి యూరప్‌కు మొదట విపులంగా చెప్పినవాడు క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్. తన చరిత్ర గ్రంథం రెండో భాగంలో ఈజిప్టు మొసలిని వర్ణిస్తూ దాని పళ్ళు, కళ్ళు, చర్మం, నోట్లోకి వెళ్ళి జలగలను ఏరుకుని తినే పిట్ట గురించి రాశాడు. కొన్ని ప్రాంతాల ఈజిప్షియన్లు మొసలిని పవిత్రంగా పెంచుతారని, చెవులకు నగలు, ముంగాళ్ళకు కడియాలు తొడుగుతారని చెప్పాడు. మొసలికి గ్రీకులు పెట్టిన పేరు నిజానికి తమ ఊళ్ళ గోడల మీద తిరిగే బల్లిలాంటి జీవిదని కూడా వివరించాడు. ఇంత రాసినా ఆయన వర్ణనలో కన్నీటి ఊసు లేదు. ఈజిప్షియన్లకు మొసలి సోబెక్ అనే దేవుడి రూపం. నైలు పక్కన బతికేవాళ్ళు దానికి భయపడ్డారు, మొక్కారు.

కన్నీటి కథ ఆ తరువాత గ్రీకు ప్రపంచంలో బయలుదేరింది. ప్లూటార్క్ పేరుతో చలామణీ అయిన ఒక సామెతల సంకలనంలో మొసలి కన్నీటి ప్రస్తావన ఉంది. ఒకరి చావు కోరుకుని, లేదా దానికి కారణమై, తరువాత నలుగురిలో విలపించేవారికి అక్కడ ఈ పోలిక వర్తించింది. నేడు మనం వాడే అర్థం దాదాపు అదే. 9వ శతాబ్దంలో కాన్‌స్టాంటినోపుల్ మతాధిపతి ఫోటియస్ తాను చదివిన పుస్తకాల సారాన్ని ఒక పెద్ద గ్రంథంగా కూర్చినప్పుడు ఈ కథ పశ్చాత్తాపం గురించిన క్రైస్తవ బోధతో కలిసి అందులో చేరింది. ఆ విధంగా సామెత కాస్తా ధర్మోపదేశమైంది. కన్నీరు కారినంత మాత్రాన మనసు మారినట్టు కాదని చెప్పడానికి బోధకులకు మొసలి అక్కరకొచ్చింది.

మధ్యయుగం: చూడనివాళ్ళు రాసిన మొసలి

మధ్యయుగ యూరప్‌లో మొసలిని కళ్ళారా చూసినవారు బహు తక్కువ. దాని గురించి రాసినవారు మాత్రం చాలామంది. 13వ శతాబ్దంలో బార్తొలొమేయస్ ఆంగ్లికస్ అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి లాటిన్‌లో కూర్చిన విజ్ఞాన సర్వస్వంలో, మొసలి నీటి ఒడ్డున మనిషిని చంపి, అతని మీద ఏడ్చి, ఆపైన మింగుతుందని ఉంది. 14వ శతాబ్దం చివర జాన్ ట్రెవీసా ఆ గ్రంథాన్ని ఇంగ్లీషులోకి తెచ్చాడు.

సామాన్య పాఠకుల్లో ఈ కథను నాటిన పుస్తకం మరొకటి: సర్ జాన్ మాండెవిల్ యాత్రలు. 14వ శతాబ్దం మధ్యలో మొదట ఫ్రెంచిలో వెలువడిన ఈ పుస్తకం 1400 ప్రాంతానికి ఇంగ్లీషులోకి వచ్చింది. యూరప్ భాషలెన్నిటిలోకో వెళ్ళింది. దాని చేతిరాత ప్రతులు వందలాదిగా నేటికీ మిగిలి ఉన్నాయి. రాసినవాడు నిజంగా ఎవరో పండితులు నేటికీ తేల్చలేదు. తూర్పు దేశాల గురించి అందులో ఉన్నదంతా చాలావరకు ఇతరుల పుస్తకాల నుంచి ఎత్తి కూర్చినదే. ఆ పుస్తకం ప్రకారం ఏడుస్తూ మనుషులను తినే మొసళ్ళు ఉండేది నైలు నదిలో మాత్రమే కాదు, భారతదేశమంతటా! రాత్రి నీటిలో, పగలు నేల మీద ఉండే పొడవాటి పాములుగా వాటిని వర్ణించాడు ఆ రచయిత. ఎప్పుడూ ఈ గడ్డ మీద కాలు పెట్టని మనిషి మన నదుల మొసళ్ళకు అంటగట్టిన ఏడుపు అది. కొన్ని శతాబ్దాల తరువాత ఆ మాటే తిరిగి ఇంగ్లీషు చదువులతోపాటు మన దేశానికి చేరడం ఈ జాతీయం ప్రయాణంలో విచిత్రమైన మలుపు.

ఇంగ్లీషులో స్థిరపడడం

16వ శతాబ్దం ఆరంభంలో డచ్చి పండితుడు ఎరాస్మస్ గ్రీకు, లాటిన్ సామెతలను సేకరించి, వ్యాఖ్యానించి ప్రచురించిన బృహత్ సంకలనంలో మొసలి కన్నీటికీ చోటిచ్చాడు. యూరప్‌లో చదువుకున్న ప్రతివాడి బల్ల మీదా ఉండిన పుస్తకం అది. అక్కడినుంచి ఈ మాట పండితుల నోళ్ళలో నానింది. ఇంగ్లీషులో దీని తొలి వాడుకల్లో ఒకటి 1563 నాటిది. అప్పటి లండన్ బిషప్ ఎడ్మండ్ గ్రిండల్ ఒక మనిషి వినయాన్ని శంకిస్తూ, అతని కన్నీరు మొసలి కన్నీరేమోనని భయపడ్డాడు. అక్కడ మొసలి జంతువుగా లేదు, కథగానూ లేదు. వివరణ అవసరం లేని పోలికగా మారిపోయింది. జాతీయం పుట్టిందనడానికి గుర్తు అదే.

సముద్రయానాలు దీనికి కొత్త ఊపిరి పోశాయి. 1564-65లో ఇంగ్లీషు నావికుడు జాన్ హాకిన్స్ అమెరికా ఖండపు తీరాలకు చేసిన రెండో యాత్రలో ఉన్న జాన్ స్పార్క్, అక్కడి నదుల్లోని మొసళ్ళ గురించి రాశాడు. వేట కావాలనుకున్నప్పుడు అవి మనిషిలా వెక్కి వెక్కి ఏడుస్తాయని, జాలిపడి దగ్గరికి వచ్చినవారిని పట్టుకుంటాయని, అందుకే ఆడవారి ఏడుపును దానితో పోలుస్తారని చెప్పాడు. రిచర్డ్ హాక్లుయిట్ 1589లో ప్రచురించిన ఇంగ్లీషు సముద్రయానాల సంకలనంలో ఈ వృత్తాంతం చేరి విస్తృతంగా చదువరులకు అందింది.

ఇక్కడ కథ రెండు పాయలుగా చీలిందని గమనించాలి. పాత కథలో మొసలి చంపాక ఏడుస్తుంది. ఆ కన్నీరు దొంగ పశ్చాత్తాపం. కొత్త కథలో చంపడానికి ముందే ఏడుస్తుంది. ఆ కన్నీరు ఎర. మొదటిదానిలో మోసపోయేది చూసేవాళ్ళు, రెండోదానిలో మోసపోయేది దయగలవాడు. నేటి వాడుకలో మిగిలింది ఎక్కువగా మొదటి పాయే. ఎలిజబెత్ కాలపు కవులకు, నాటకకర్తలకు మాత్రం రెండోదే నచ్చింది. ఎడ్మండ్ స్పెన్సర్ 1590లో వెలువరించిన ‘ఫేరీ క్వీన్’ కావ్యంలో నైలు ఒడ్డున అలసిన బాటసారిని ఏడ్చి మోసగించే మొసలి ఉపమానం ఇదే కోవలోది.

రంగస్థలం మీద

షేక్స్‌పియర్ ఈ నమ్మకాన్ని ఒకటికి మించి నాటకాల్లో వాడుకున్నాడు. వాటిని దగ్గరగా చూస్తే ఈ జాతీయం గురించి నిఘంటువులు చెప్పని సంగతి ఒకటి బయటపడుతుంది.

‘ఆరవ హెన్రీ’ రెండో భాగంలో రాణి మార్గరెట్, గ్లాస్టర్ ప్రభువు హంఫ్రీని ఏడ్చి వలవేసే మొసలితో పోలుస్తుంది. రాజును అతని పైవేషం మోసగిస్తోందని ఆరోపిస్తుంది. నాటకంలో గ్లాస్టర్ రాజభక్తి గల నిజాయితీపరుడు. అతని హత్యకు కుట్ర పన్నిన బృందంలో ఆ మాట అన్న రాణే ఉంది. హత్య జరిగాక రాజు ముందు శోకాలు పెట్టేదీ ఆమే. ఎదుటివాడిని మొసలి అన్న నోటితోనే ఆమె అచ్చమైన మొసలి కన్నీరు కార్చింది.

‘ఒథెల్లో’లో సన్నివేశం ఇంకా బాధాకరం. ఇయాగో నూరిపోసిన అనుమానంతో కళ్ళు మూసుకుపోయిన ఒథెల్లో భార్య డెస్డిమోనాను నలుగురిలో కొడతాడు. ఆమె ఏడుస్తుంది. భూమి ఆడదాని కన్నీటితో గర్భం దాల్చగలిగితే ఒక్కో బొట్టూ ఒక్కో మొసలిగా పుడుతుందని అతను అంటాడు. డెస్డిమోనా ఏ పాపమూ ఎరగదు. ఆ కన్నీరు నూటికి నూరుపాళ్ళు నిజం. ప్రేక్షకులకు ఆ సంగతి తెలుసు, భర్తకు మాత్రం తెలియదు.

హెన్రీ పర్సెల్ సంగీతం సమకూర్చిన ‘డైడో అండ్ ఈనియాస్’ సంగీత నాటకం 1689లో లండన్ చెల్సియాలోని ఒక బాలికల పాఠశాలలో ప్రదర్శితమైంది. సాహిత్యం నాహమ్ టేట్‌ది. అందులో ఈ నింద మళ్ళీ మగవాడి మీద పడుతుంది. తనను విడిచి వెళ్ళబోతూ కన్నీళ్ళు పెట్టుకున్న ఈనియాస్‌ను రాణి డైడో నైలు ఒడ్డు మొసలితో పోలుస్తుంది. ఈనియాస్ వెళ్ళిపోతున్న మాట నిజమే గానీ, మాంత్రికురాలు పంపిన మారువేషపు దూతను దేవదూత అనుకుని మోసపోయాడు. అతని బాధ బూటకం కాదు.

మూడు చోట్లా మొసలి అని పిలిపించుకున్నవారు మొసళ్ళు కారు. నాటకకర్తలకు ఈ జాతీయం కపటిని పట్టించే సాధనం మాత్రమే కాదు. నిజమైన దుఃఖాన్ని గుర్తుపట్టలేని మనిషి గుడ్డితనాన్ని చూపించే అద్దం కూడా.

తరువాతి కాలంలో ఈ మాట తేలికపడి పిల్లల సాహిత్యంలోకీ వచ్చింది. రుడ్‌యార్డ్ కిప్లింగ్ 1902లో వెలువరించిన ‘జస్ట్ సో స్టోరీస్’లో ఏనుగు పిల్ల కథ ఉంది. అందులోని మొసలి, తాను మొసలినేనని నమ్మించడానికి మొసలి కన్నీరు కార్చి చూపిస్తుంది.

మొసలి నిజంగా ఏడుస్తుందా

మొసలికి కన్నీరు ఉంది. కంటిని కాపాడుకోవడానికి దానికి పైరెప్ప, కిందిరెప్పలతోపాటు అడ్డంగా జారే మూడో రెప్ప ఉంటుంది. అద్దంలా వెలుగును రానిచ్చే పలుచని పొర అది. నీటిలో మునిగినప్పుడు కంటిని కప్పుతుంది. కన్నీటి గ్రంథుల నుంచి వచ్చే ద్రవం ఈ పొరకూ కనుగుడ్డుకూ మధ్య పరుచుకుని కంటిని శుభ్రం చేస్తుంది, రాపిడి లేకుండా చూస్తుంది. నీళ్ళలో ఉన్నంతసేపు ఈ తడి మనకు కనిపించదు. ఒడ్డున చాలాసేపు ఉన్న మొసలి కంటి చుట్టూ మాత్రం కనిపిస్తుంది.

తినేటప్పుడు ప్రత్యేకంగా కన్నీరు కారుతుందా అన్నది వేరే ప్రశ్న. 20వ శతాబ్దం తొలినాళ్ళలో ఒక పరిశోధకుడు మొసళ్ళ కళ్ళకు ఉల్లిపాయ, ఉప్పు రాసి చూశాడు. కన్నీరు రాలేదు. దాంతో ఇదంతా కట్టుకథేనని తేల్చారు. ఉల్లిపాయ మనిషిని ఏడిపించినంత మాత్రాన మొసలినీ ఏడిపించాలని లేదు కదా. అసలు ప్రశ్నకు సమాధానం అలాగే మిగిలిపోయింది.

దానికి జవాబు వెతికింది అమెరికాకు చెందిన ఇద్దరు: లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ నాడీవైద్యుడు మాల్కం షేనర్, ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్త కెంట్ వ్లియెట్. ఫ్లోరిడాలోని సెయింట్ అగస్టీన్ జంతు ఉద్యానంలో వ్లియెట్ నాలుగు కైమన్లను, మూడు ఎలిగేటర్లను నేల మీద మేత తింటుండగా వీడియో తీశారు. కైమన్లు, ఎలిగేటర్లు మొసలికి దగ్గరి బంధువులు. అక్కడ వాటికి పొడి నేల మీద తినే అలవాటు ఉండడం వల్ల కంటి తడిని నీటి తడి నుంచి వేరుచేసి చూడడం వీలైంది. ఏడింటిలో ఐదు తింటూ కన్నీరు కార్చాయి. కొన్నిటి కంటి కొనల్లో నురగ, బుడగలు కూడా వచ్చాయి. ఈ ఫలితాలు 2007లో ‘బయోసైన్స్’ పత్రికలో వచ్చాయి.

కారణం వారి ఊహ ప్రకారం ఇది. ఈ జీవులు తినేటప్పుడు బుసకొడతాయి, గట్టిగా గాలి వదులుతాయి. ఆ గాలి ముక్కు వెనక గదుల్లోంచి తోసుకువచ్చి కన్నీటితో కలిసి కంట్లోకి పొంగుతుంది. అందుకే నురగ. మనం పెద్దగా ఆవులించినప్పుడు కన్ను చెమ్మగిల్లడం లాంటిదే. ఇందులో దుఃఖమూ లేదు, కపటమూ లేదు. భావోద్వేగంతో కన్నీరు కార్చడం మనిషిలో తప్ప మరే జంతువులోనూ రుజువు కాలేదు.

మొసలి కన్నీటి ద్వారా ఒంట్లోని ఉప్పును బయటికి పంపుతుందన్న మాట కూడా అక్కడక్కడా వినిపిస్తుంది. అది సముద్రపు తాబేళ్ళ విషయంలో నిజం. ఉప్పునీటి మొసలికి ఆ పని చేసే గ్రంథులు నాలుక మీద ఉంటాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 1981లోనే చూపించారు. 2020లో బ్రెజిల్ పరిశోధకులు పక్షులు, సరీసృపాల కన్నీటిని మనిషి కన్నీటితో పోల్చి చూశారు. వాటిలో కైమన్ కూడా ఉంది. కన్నీటిని తయారుచేసే అవయవాలు వేరైనా, అందులోని లవణాల పాళ్ళు చాలావరకు దగ్గరగానే ఉన్నాయని తేలింది. ద్రవంగా చూస్తే మొసలి జాతి కన్నీటికీ మన కన్నీటికీ తేడా కొంచెమే.

వైద్యంలో మొసలి కన్నీరు

ఈ జాతీయం ఒక జబ్బుకూ పేరైంది. ముఖానికి పక్షవాతం వచ్చి కోలుకున్న కొందరికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే ఒక కంటివెంట నీళ్ళు ధారగా కారతాయి. బాధ ఏమీ ఉండదు, కారడం మాత్రం ఆగదు. 1920లలో రష్యన్ నాడీవైద్యుడు బోగొరాడ్ దీన్ని ‘మొసలి కన్నీటి లక్షణం’గా వర్ణించాడు. వైద్యులు ఆయన పేరుతోనూ దీన్ని పిలుస్తారు.

దెబ్బతిన్న ముఖనాడి తిరిగి పెరిగేటప్పుడు, లాలాజల గ్రంథికి వెళ్ళాల్సిన పోగులు దారితప్పి కన్నీటి గ్రంథిని చేరుకుంటాయి. ఆ తరువాత రుచి తగిలినప్పుడల్లా నోరూరాలన్న కబురు కంటికి కూడా అందుతుంది. కన్నీటి గ్రంథిలోకి బొట్యులినం టాక్సిన్ సూదిమందు ఇవ్వడం దీనికి వాడే చికిత్సల్లో ఒకటి. షేనర్ మొసళ్ళ వైపు తిరగడానికి ఈ వ్యాధి మీద ఆయనకున్న ఆసక్తే కారణం. పెళ్ళి పంక్తిలో కూర్చుని, తింటున్నంతసేపూ కన్ను తుడుచుకోవాల్సి వచ్చే రోగి ఇబ్బంది ఎంతటిదో ఆలోచించాలి. పక్కవాడు ఎందుకేడుస్తున్నావని అడిగితే ఏం చెబుతాడు? కంటి తడికీ మనసుకూ సంబంధం లేకపోవచ్చని ఈ రోగులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

భారతదేశంలో మొసలి

మన దేశంలో మూడు జాతుల మొసళ్ళు ఉన్నాయి: మంచినీటి మొసలి అయిన మగ్గర్, సముద్ర తీరాల ఉప్పునీటి మొసలి, పొడవాటి సన్నని మూతి ఉండే ఘరియల్. వేట వల్ల, నదుల మార్పుల వల్ల తరిగిపోతున్న వీటిని కాపాడడానికి 1975లో జాతీయ మొసళ్ళ సంరక్షణ పథకం మొదలైంది. తెలంగాణలో సంగారెడ్డి దగ్గరి మంజీరా అభయారణ్యం, గోదావరి తీరంలోని శివారం అభయారణ్యం మగ్గర్లకు ఆవాసాలు. చలికాలం పొద్దున మంజీరా రాళ్ళ మీద అవి నోరు తెరుచుకుని ఎండకు పడుకుంటాయి. చూసేవారికి అది మీదపడబోయే బెదిరింపులా తోస్తుంది. నిజానికి ఒంటి వేడిని సరిచూసుకునే పద్ధతి అది.

భారతీయ కళలో, కథల్లో మొసలికి చాలా రూపాలున్నాయి. గంగమ్మ వాహనం మకరం. మన్మథుడు మకరధ్వజుడు. మన గుళ్ళలో దేవుడి విగ్రహం వెనక వెలిగేది మకరతోరణం. పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడి కాలు పట్టిన మకరి శాపగ్రస్తుడైన గంధర్వుడు. అది సాటిలేని పట్టుకు గుర్తు. ఏనుగంతటిదాన్ని లాగిన ఆ మొసలే నీటి బయట కుక్కకు కూడా లోకువ అన్నది స్థానబలిమి గురించి తెలుగు బడిపిల్లలు నేర్చుకునే నీతి. ‘ముందుంది ముసళ్ళ పండుగ’ అన్న అచ్చ తెలుగు పలుకుబడిలో మొసలి రాబోయే గండానికి గుర్తు. పంచతంత్రంలో కోతితో స్నేహం చేసిన మొసలి మాత్రం నమ్మకద్రోహి. భార్య కోరిక తీర్చడానికి మిత్రుడి గుండెకాయకే ఎసరు పెడుతుంది. ఆ కథలో కూడా మోసం మాటలతో జరుగుతుంది గానీ కన్నీటితో కాదు.

మొసలి కన్నీరు అన్న జాతీయం ఇంగ్లీషు చదువులు, పత్రికల ద్వారా భారతీయ భాషల్లోకి వచ్చింది. తెల్ల ఏనుగు, ఎర్ర తివాచీ, పచ్చజెండా ఊపడం తెలుగులో కలిసిపోయినట్టే ఇదీ కలిసిపోయింది. తమిళంలో ముదలై కణ్ణీర్, మలయాళంలో ముదలక్కణ్ణీర్, కన్నడంలో మొసళె కణ్ణీరు అంటారు. హిందీలో ‘మగర్‌మచ్ఛ్ కే ఆంసూ’తోపాటు ‘ఘడియాలీ ఆంసూ’ అన్న మాట బాగా నడుస్తుంది. ఘడియాల్ అంటే ఘరియలే. ఆ జీవి ప్రధాన ఆహారం చేపలు. దాని సన్నని మూతి చేపలు పట్టడానికి తీరింది, మనిషిని మింగడానికి కాదు. మనుషులను తిని ఏడుస్తుందన్న నింద దానికి మరింత అన్యాయం. ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, ఇటాలియన్, రష్యన్, అరబ్బీ, టర్కిష్ భాషలన్నిటిలోనూ ఇదే పోలిక ఉంది.

తోబుట్టువు: కొంగ జపం

తెలుగువాడికి ఈ పరదేశీ జాతీయం ఇంత తేలిగ్గా అబ్బడానికి కారణం ఉంది. దీనికి మన దగ్గర ముందే ఒక తోబుట్టువు ఉంది: కొంగ జపం. చెరువు గట్టున ఒంటికాలి మీద, మెడ ముడుచుకుని, కదలకుండా నిలబడే కొంగ తపస్సు చేస్తున్నట్టే ఉంటుంది. చేప కదిలిన క్షణంలో ముక్కు కత్తిలా దిగుతుంది. పంచతంత్రంలో ముసలి కొంగ చెరువు ఎండిపోతుందని విచారం నటించి, చేపలను వేరే మడుగుకు చేరుస్తానని చెప్పి ఒక్కొక్కదాన్నే తింటుంది. చివరికి ఎండ్రకాయ దాని మెడ కత్తిరిస్తుంది. మనుస్మృతి కపట సన్యాసులను కొంగ వ్రతం పట్టినవారని, పిల్లి వ్రతం పట్టినవారని ఈసడిస్తుంది. భారతం ఉద్యోగపర్వంలో తపస్సు నటించి ఎలుకలను తిన్న పిల్లి కథ ఉంది. మహాబలిపురంలో కొండరాతి మీద చెక్కిన మహాశిల్పంలో ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తున్న పిల్లిని, దాని దగ్గరి ఎలుకలను ఇప్పటికీ చూడవచ్చు.

కొంగ ఒంటికాలి మీద నిలబడేది ఒంటి వెచ్చదనం కాపాడుకోవడానికి, కండరాలకు విశ్రాంతి ఇవ్వడానికి. మొసలి కన్ను తడిసేది కన్ను ఎండిపోకుండా. ఆ రెండు సహజ భంగిమల్లో మనిషి తన గుణాన్నే చదువుకున్నాడు. మనదేశంలో కపటం ఎక్కువగా భక్తి వేషం వేసుకుంటుందని చూసినవాడు కొంగను ఎంచుకున్నాడు. దుఃఖం వేషం వేసుకుంటుందని చూసినవాడు మొసలిని ఎంచుకున్నాడు. నింద జంతువులది కాదు.

ఆ మహాబలిపురం పిల్లి శిల్పానికి దగ్గర్లోనే, 1976లో మొదలైన మద్రాసు మొసళ్ళ బ్యాంకు ఉంది. గుడ్డు పగిలే వేళ తల్లి మగ్గర్ గూడు తవ్వి, పిల్లలను దవడల మధ్య జాగ్రత్తగా పట్టి నీటికి చేరుస్తుంది. అక్కడ తండ్రి మొసలి కూడా ఆ పని చేయడం పరిశోధకులు గమనించి రాశారు. దూరం నుంచి చూసినవాడికి అది పిల్లలను మింగుతున్నట్టే కనిపిస్తుంది. దగ్గరికి వెళ్ళి చూసినవాడికి, ఏనుగు కాలిని వదలని ఆ దవడలు పిల్ల ఒంటి మీద గాటు కూడా పడనివ్వవని తెలుస్తుంది.

జాతీయం విలువ

సహజ చరిత్రగా ఈ కథ నిలవలేదు. జాతీయంగా మాత్రం చెక్కుచెదరలేదు. దానికి కారణం, ఇది పట్టి చూపించే తప్పు ఇప్పటికీ ఉండడమే. కూల్చినవాడే కూలినవారి కోసం ఏడవడం ఒక ప్రత్యేకమైన అన్యాయం. బాధితుడికి జరిగిన నష్టం చాలదన్నట్టు అతని దుఃఖాన్ని కూడా లాక్కోవడం అది. దానికి రెండే మాటల్లో పేరు ఉండడం భాషకు బలం.

ఆ బలం ఉన్న మాటను తూచి వాడాలి. ఎవరినైనా మొసలి కన్నీరు కారుస్తున్నారని అన్నప్పుడు మనం వారి కంటిని కాదు, మనసును చూశామని చెబుతున్నాం. ఆ తీర్పుకు ఆధారం వారి ఏడుపులో దొరకదు. వారు చేసిన పనుల్లోనే దొరకాలి. పక్షవాతం నుంచి కోలుకున్న రోగి కన్ను తడిస్తే అందులో కపటం లేదు, తింటున్న మొసలి కన్ను నురగలు కక్కితే అందులోనూ లేదు. డెస్డిమోనా కంట్లో ఉన్నది నిజమైన దుఃఖం. దాన్ని చదవలేనివాడు ఆమె ప్రాణమే తీశాడు.

కన్నీరు చూసి తీర్పు చెప్పిన ప్రతిచోటా ఈ కథ పొరపాటే చేసింది. చేతలు చూసి చెప్పినచోట మాత్రం ఈ మాట ఎన్నడూ గురి తప్పలేదు.